మా నాన్న, రెండు జలపాతాలు



ఆగస్టులో ఆరో తరగతి పిల్లలను ఇంగ్లీషులో ఒక పేరాగ్రాఫ్ రాసుకు రమ్మన్నాను. అంశం 'నేను చూసిన జలపాతం'. మర్నాడు నలభై పుస్తకాలు నా బల్ల మీదికి వచ్చాయి. దిద్దడం మొదలుపెడితే ముప్పైకి పైగా పుస్తకాల్లో నయాగరా! మా పిల్లల్లో ఇంతమంది అమెరికా వెళ్ళొచ్చారని నాకు అప్పటిదాకా తెలియదు. వాక్యాలు కూడా కవల పిల్లల్లా ఉన్నాయి. అవి ఎక్కడి నుంచి వచ్చాయో మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఆ ఫోన్ మీదే కాబట్టి ఆ సంగతి ఇక్కడితో వదిలేద్దాం.

ఒక్క పిల్లాడు మాత్రం సొంతంగా రాశాడు. తప్పులతో, కొట్టివేతలతో, ఐదే వాక్యాలు. వాళ్ళ అమ్మమ్మగారి ఊళ్ళో కాలువకి లాకులున్నాయట. తలుపు ఎత్తినప్పుడు నీళ్ళు తెల్లగా నురగలు కక్కుతూ కిందికి పడతాయట. దగ్గర నిలబడితే మొహం మీద తుంపర పడుతుందట. చివరి వాక్యం నాకే ప్రశ్న: ఇది జలపాతమేనా మిస్?

నేను ఎర్ర పెన్నుతో 'కాదు' అని రాశాను. పదికి నాలుగు వేశాను. వ్యాకరణం బాగున్న నయాగరాలకు ఎనిమిదీ తొమ్మిదీ వేశాను.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎందుకో చెప్పాలంటే మా ఇంటి సంగతి చెప్పాలి.

మాది కూచిపూడి. ఊరి పేరు చెప్పగానే ఎవరైనా అడిగే మొదటి మాట 'అయితే మీకు డాన్స్ వచ్చా?' అని. రాదు. చిన్నప్పుడు రెండు నెలలు వెళ్ళి, అడుగులు కుదరక మానేశాను. మా నాన్న ఇరిగేషన్ డిపార్ట్‌మెంట్‌లో లస్కరుగా చేశాడు. ఈ మాట తెలియని వాళ్ళ కోసం చెబుతున్నాను. లస్కరు అంటే కాలువ మీద లాకుల దగ్గర ఉండి, పైనుంచి వచ్చిన ఆర్డరు ప్రకారం తలుపులు ఎత్తీ దించే మనిషి. పొద్దునా సాయంత్రం గేజి చూసి ఎన్ని అడుగుల నీళ్ళున్నాయో పుస్తకంలో రాయాలి. గుర్రపుడెక్క కొట్టుకొచ్చి తలుపులకి అడ్డం పడితే మెడలోతు నీళ్ళలో దిగి లాగాలి. శివారు పొలాలకు నీళ్ళందని ఏడాది రైతుల చేత తిట్లు తినాలి. ముప్పై ఏళ్ళకు పైగా అది చేసి రిటైరయ్యాడు.

స్కూల్లో, కాలేజీలో, బీఈడీ అప్లికేషన్‌లో తండ్రి వృత్తి అన్న గడి వచ్చిన ప్రతిసారీ నేను 'గవర్నమెంట్ ఎంప్లాయీ' అనే రాశాను. అబద్ధం కాదు. కానీ లస్కరు అని రాయడానికి చెయ్యి రాలేదు. ఆదివారాలు నాన్నకి క్యారేజీ తీసుకెళ్ళి, లాకుల పక్కన గట్టు మీద కూర్చుని, ఆ తెల్లటి నీళ్ళ చప్పుడులో ఆయనతో పాటు అన్నం తిన్నదాన్ని నేనే. ఆ పిల్లాడు రాసిన తుంపర నా మొహం మీదా పడింది. దానికే 'కాదు' అని రాశాను.

ఇంకో సంగతి కూడా ఆ రాత్రే తట్టింది. 'అవును' అనడానికైనా 'కాదు' అనడానికైనా నేను మాత్రం జలపాతం ఎక్కడ చూశాను? డెల్టాలో పుట్టిన వాళ్ళకి ఎత్తు అంటే కాలువ గట్టు, గుడి గోపురం, ఓవర్‌హెడ్ ట్యాంకు. మా ఊళ్ళో రాయి కావాలన్నా లారీలో రావాల్సిందే. జలపాతానికి ఇంగ్లీషులో ఎన్ని పర్యాయపదాలున్నాయో చెప్పమంటే బోర్డు నిండా రాయగలను. ఒక్కటీ కళ్ళతో చూసింది లేదు.

సెప్టెంబరు రెండో శనివారం ఎత్తిపోతల బయల్దేరాం. తమ్ముడు బెజవాడలో పని చేస్తాడు, ఈమధ్యే సెకండ్ హ్యాండ్ కారు కొన్నాడు. అమ్మ పులిహోర కలిపింది. నాన్న మాత్రం ససేమిరా అన్నాడు.

"నీళ్ళు చూడ్డానికి అంత దూరమా? నేను చూడని నీళ్ళా!"

"పడే నీళ్ళు నాన్నా, ఎత్తు నుంచి."

"ఏ ఊరన్నావు?"

"ఎత్తిపోతల."

"ఎత్తిపోతలంటే మోటార్లు పెట్టి పైకి తోడేది కదే. పట్టిసీమ లాగా. మరి కిందికి పడటమేంటి?"

డిపార్ట్‌మెంట్ మనిషికి ఆ పేరు వింటే గుర్తొచ్చేది ఎత్తిపోతల పథకమే మరి. ఆ సందేహం తీర్చుకోవడానికే కారెక్కాడని నా అనుమానం.

బెజవాడ, గుంటూరు, సత్తెనపల్లి దాటి పిడుగురాళ్ళ చేరేసరికి దారంతా సున్నపు బట్టీలు. గురజాల, రెంటచింతల మీదుగా మాచర్ల. పల్నాడులోకి దిగాక నేల రంగే మారిపోయింది. ఎక్కడ చూసినా పలకలు పలకలుగా పరిచినట్టు రాయి. "మనింట్లో పరిచిన నాపరాళ్ళు ఇక్కడివే" అంది అమ్మ. మాచర్ల నాపరాయి మీద పాకడం నేర్చుకున్న మేం ఆ మాచర్లని అప్పుడే మొదటిసారి చూస్తున్నాం. ఊళ్ళో చెన్నకేశవస్వామికి దణ్ణం పెట్టుకుని, చంద్రవంక వాగు పేరు అడిగి తెలుసుకుని, సాగర్ వైపు దారి పట్టాం.

ఎత్తిపోతలలో కారు దిగి నడవాల్సింది తక్కువే. టూరిజం వాళ్ళు కట్టిన వ్యూ పాయింట్ లోయకి ఇవతల ఉంది, జలపాతం అవతల. మధ్యలో లోతైన లోయ. చంద్రవంక వాగు ఆ రాతి పలకల అంచు దాకా మామూలు వాగులాగే వచ్చి, అక్కడ ఒక్కసారి కింద నేల లేదని తెలిసినట్టు పాయలు పాయలుగా 70 అడుగులు దూకేస్తుంది. కింద మడుగు. ఇక్కడ మొసళ్ళ పెంపక కేంద్రం కూడా ఉంది కాబట్టి నీళ్ళలో దిగే ఆలోచన ఎవరూ పెట్టుకోకూడదు. లోయలో దత్తాత్రేయ స్వామి గుడి ఉంది.

నేను ఫోన్ తీశాను. తమ్ముడు సెల్ఫీ అన్నాడు. నాన్న మాత్రం రెయిలింగ్ పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. చాలాసేపటికి అడిగాడు.

"డెబ్బై అడుగులన్నావు కదూ?"

"అవును."

"బ్యారేజీ కాడ నిండా ఉంటే మట్టం యాభై ఏడు. అది సముద్రానికి ఎత్తు. బెజవాడ నుంచి బందరు సముద్రం దాకా మనం ఇన్నేళ్ళూ దించుకుంటా దించుకుంటా పోయింది ఆ యాభై ఏడు అడుగులే అమ్మాయ్. ఇక్కడ చూడు, ఒక్క గుక్కలో పారబోసింది."

నేను మనసులో లెక్క వేశాను. ప్రకాశం బ్యారేజీ పూర్తి నీటిమట్టం 57.05 అడుగులు. బెజవాడ నుంచి బందరు 70 కిలోమీటర్లు. కిలోమీటరుకి ఒక్క అడుగు కూడా పడదు. ఆ కొంచెం వాలునే నమ్ముకుని 1855లో కృష్ణ మీద ఆనకట్ట కట్టారు, దాని స్థానంలో 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. ఆ వాలు మీదే సార్వా, దాళ్వా అంటూ ఒక డెల్టా మొత్తం బతికింది. మా నాన్న చేసిన పని ఏమిటో నాకు అర్థమైన క్షణం అదేననుకుంటాను: నీళ్ళు దూకకుండా, ఆగిపోకుండా, నెమ్మదిగా దిగేలా చూడటం. బీఈడీలో పాఠాన్ని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి చెప్పాలని మాకు నేర్పింది గుర్తొచ్చింది. మార్కులకి రాశాను కానీ అలా చెప్పానా అంటే, ఆ నాలుగు మార్కుల పుస్తకం గుర్తొచ్చింది.

అక్కడ పనిచేసే ఒకాయన మాటల్లో ఇంకో విషయం చెప్పాడు. వానలు లేని రోజుల్లో కూడా చూడటానికి వచ్చే వాళ్ళ కోసం సాగర్ కుడి కాలువ నుంచి వాగులోకి నీళ్ళు వదులుతారట. అది వినగానే నాన్న మొహం వెలిగిపోయింది.

"అయితే దీనికీ ఓ లస్కరు ఉన్నాడన్నమాట!"

వచ్చేటప్పుడు కార్లో అంతా ఆయనే మాట్లాడాడు. ఈ వాగు ఇక్కడికి మూడు కిలోమీటర్లలో కృష్ణలో కలుస్తుంది, సాగర్ డ్యాముకి దిగువన. అక్కడి నుంచి పులిచింతల, ఆ తర్వాత బ్యారేజీ, ఆ తర్వాత మన కాలువ. "మనం ఇంటికి పోయేలోపు రావులే గానీ వస్తయ్యి" అన్నాడు. ఆ తర్వాత వారం రోజులు మా ఇంటి వెనక కాలువలో నీళ్ళు పెరిగినప్పుడల్లా "మీ ఎత్తిపోతల నీళ్ళొచ్చినయ్యి చూసుకో" అని ఆటపట్టించాడు.

ఎత్తిపోతల దూరంగా నిలబడి చూసే జలపాతం. అక్కడితో ఆగిపోయి ఉంటే ఈ వ్యాసం ఇంత పొడుగు అయ్యేది కాదు. దసరా సెలవుల్లో పిన్ని వాళ్ళు వచ్చారు. వాళ్ళ అబ్బాయి టెన్త్, అమ్మాయి ఎనిమిది. ఈసారి నడిచి వెళ్ళే చోటికి పోదామని పిల్లలు పట్టుబట్టారు. నాన్న ఈసారి ఎవరూ అడగకుండానే చొక్కా తొడుక్కున్నాడు. రెండు కార్లలో రాజమండ్రి వెళ్ళి ఒక రాత్రి ఉండి, మర్నాడు పొద్దున్నే గోకవరం మీదుగా ఏజెన్సీలోకి ఎక్కాం.

రంపచోడవరం దగ్గరి రంప జలపాతం ముందు చూశాం. అల్లూరి సీతారామరాజు 1922లో మొదలుపెట్టిన పోరాటాన్ని రంప పితూరీ అంటారని సోషల్‌లో చదివిన టెన్త్ కుర్రాడు, "ఆ రంప ఇదా!" అని ఆగిపోయాడు. పుస్తకంలో ఊరి పేరు, కాళ్ళ కింద నేల ఒకటే అయినప్పుడు పిల్లల మొహాల్లో వచ్చే మార్పు చూడటానికైనా ఇలాంటి ప్రయాణాలు చేయాలి. తర్వాత మారేడుమిల్లి. రోడ్డు పక్కనే ఉండే జలతరంగిణి, కారు ఆపి అడవిలో కాలిబాటన దిగాల్సిన అమృతధార. బొంగు చికెన్ గురించి రాయమంటే ఇంకో పేజీ కావాలి.

ఆ రోజు మధ్యాహ్నం ఇంకో చిన్న వాగు దగ్గరికి వెళ్ళాం. దానికి బోర్డు లేదు, టికెట్టు లేదు. రోడ్డు మీద కార్లు ఆపి అరగంట నడిచాం. వెదురు పొదలు, జారే రాళ్ళు. చివర్లో పది పన్నెండు అడుగుల ఎత్తు నుంచి పడే సన్నటి ధార, కింద నడుములోతు మడుగు. నీళ్ళు అద్దంలా ఉన్నాయి, అడుగున గులకరాళ్ళు లెక్కపెట్టొచ్చు. పైన ఎండ. పిల్లలిద్దరూ దిగారు. మా కంటే ముందొచ్చిన నలుగురు కాలేజీ కుర్రాళ్ళు అప్పటికే నీళ్ళలో ఉన్నారు, ఇంకొకడు వాగు దాటి అవతలి రాయి మీద కూర్చుని ఫొటోలు తీస్తున్నాడు. నాన్న ఒడ్డున బండ మీద కూర్చున్నాడు. ఆయనకి ఈత బాగా వచ్చు, అయినా దిగలేదు.

ఇరవై నిమిషాలు అయ్యుంటుంది. నాన్న లేచి నిలబడ్డాడు. ధార వైపు చూశాడు, ఆ పైన వాగు వచ్చే మలుపు వైపు చూశాడు.

"పిల్లల్ని పైకి రమ్మను."

"ఎందుకు నాన్నా, ఇప్పుడే కదా దిగింది."

"రమ్మను."

"పెదనాన్నా, ఐదు నిమిషాలు!" అని నీళ్ళలోంచి కేక.

మా నాన్న గొంతు పెంచడం నా జీవితంలో రెండు మూడు సార్లు విన్నానేమో. ఆ రోజు అరిచాడు. అరిచి, ప్యాంటు మడిచే తీరిక కూడా లేకుండా మడుగులోకి దిగి, పిన్ని కూతుర్ని రెక్క పట్టుకుని లాక్కొచ్చాడు. కుర్రాళ్ళని కూడా "బయటికి రండ్రా" అన్నాడు. వాళ్ళు నవ్వారు. ఆకాశంలో మబ్బు లేదు, వాన చినుకు లేదు, ఎవరో పెద్దాయన చాదస్తం. అయినా ఆ గొంతులో ఏముందో గానీ ఒక్కొక్కరే బయటికి వచ్చారు. నాకు సిగ్గేసింది. చూసేవాళ్ళు ఏమనుకుంటారోనని. ఆ మాట దాచకుండా రాస్తున్నాను.

నీళ్ళ మీద ఎండుటాకులు వచ్చాయి. ఆ వెనకే పుల్లలు, నురగ. అద్దంలా ఉన్న మడుగు టీ రంగుకి తిరిగింది. సన్నటి ధార లావయింది, చప్పుడు మారింది. పది నిమిషాల్లో, అంతకంటే ఎక్కువ కాదు, నాన్న కూర్చున్న బండ మునిగిపోయింది. పిల్లలు ఒడ్డున విడిచిన చెప్పులు మా కళ్ళ ముందే కొట్టుకుపోయాయి. ఇందాక నడుములోతు ఉన్న చోట నీళ్ళు సుళ్ళు తిరుగుతూ రాళ్ళని దొర్లిస్తున్న శబ్దం. ఎక్కడో పైన కొండల మీద కురిసిన వాన అది. మాకు చినుకు కూడా తగలలేదు.

అవతలి రాయి మీద కూర్చున్న కుర్రాడు అక్కడే ఉండిపోయాడు. స్నేహితులు చేతులు పట్టుకుని గొలుసులా వెళ్ళి తీసుకొస్తామన్నారు. నాన్న ఒప్పుకోలేదు. "వాడు ఎత్తు మీదున్నాడు. ఇంకా పైకెక్కి కూకోమనండి. ఇది కాలవ కాదు, వాగు. ఎంత తొందరగా వచ్చిందో అంత తొందరగానే దిగుద్ది. మీరు దిగితే మాత్రం నలుగురూ పోతారు." ఆ నలుగురిలో ఒకడు ఏడుస్తున్నాడు. రెండు గంటలకు పైగా అందరం అక్కడే కూర్చున్నాం. పిన్ని వణుకుతూ పిల్లల తలలు తుడుస్తూనే ఉంది. అవతలి కుర్రాడికి భయం వేయకుండా నాన్న అప్పుడప్పుడు కేకేసి ఏదో ఒకటి అడుగుతూనే ఉన్నాడు: ఏ ఊరు, ఏం చదువుతున్నావు, మధ్యాహ్నం ఏం తిన్నావు. ఒడ్డున ఒక రాయిని గుర్తు పెట్టుకుని నీళ్ళు ఎంత దిగాయో మధ్యమధ్యలో చూస్తున్నాడు. గేజి చదవడం రిటైరైనా పోలేదు. సాయంత్రానికి మోకాలి లోతుకి వచ్చాక, తాడు లాగా రెండు తువ్వాళ్ళు ముడేసి ఆ కుర్రాణ్ణి ఇవతలికి తెచ్చారు. వాడు వచ్చీ రాగానే నాన్న కాళ్ళకి దణ్ణం పెట్టబోతే, "ముందు మీ అమ్మకి ఫోన్ చెయ్యి" అన్నాడు.

రోడ్డు మీదికి వచ్చాక టీ కొట్టు దగ్గర అడిగాను.

"నీకెట్టా తెలిసింది నాన్నా?"

ఆయన పెద్దగా ఆలోచించలేదు. "లాకుల కాడ ఎగువన తలుపులెత్తితే మనకి ఎవరూ ఫోన్ చేసేవాళ్ళు కాదమ్మాయ్ ఆ రోజుల్లో. నీళ్ళే చెప్పేయి. ముందు చప్పుడు బరువెక్కుద్ది. తర్వాత చెత్త వచ్చుద్ది. ఆ తర్వాత రంగు. మట్టం ఎక్కేది ఆఖరున. మట్టం ఎక్కిందాకా చూత్తా కూర్చుంటే పని అయిపోయినట్టే." టీ తాగి గ్లాసు పెట్టేసి, "నేను చప్పుడుకే లేచా. మీకు ఆకులు కనబడినయ్యి" అన్నాడు.

చప్పుడు, చెత్త, రంగు, మట్టం. ఈ వరుస ఏ ఇంగ్లీషు రీడర్‌లోనూ నేను చదవలేదు. బహుశా మీరూ చదివి ఉండరు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ఇది ఎక్కడో ఒకచోట మాకు మాత్రమే జరిగింది కాదు. 2023 జూలైలో తెలంగాణలోని ములుగు జిల్లా ముత్యంధార జలపాతం చూడటానికి వెళ్ళిన దాదాపు 80 మంది తిరుగుదారిలో వాగు పొంగి అడవిలో చిక్కుకుపోయారు. వాగు దాటే ప్రయత్నం చేయకుండా ఎత్తైన చోట ఉండమని అధికారులు ఫోన్లో చెప్పారు. ఎన్‌డీఆర్‌ఎఫ్ బృందాలు రాత్రంతా శ్రమపడి వాళ్ళని క్షేమంగా బయటికి తెచ్చాయి. మా నాన్న ఆ కుర్రాడితో చెప్పింది కూడా అదే.

ఇప్పుడు కార్తీక మాసం, వనభోజనాల కాలం. మీలో చాలామంది పిల్లల్ని తీసుకుని ఎక్కడికో ఒకచోటికి వెళ్తారు, వెళ్ళాలి కూడా. మన రాష్ట్రంలో చూడదగ్గవి ఎన్నో ఉన్నాయి. తలకోన ఎత్తు 270 అడుగులు. నీళ్ళలో, వెడల్పులో సాటి రాదు గానీ ఎత్తులో మాత్రం మా ఆరో తరగతి వాళ్ళ నయాగరాను దాటేసింది. వెళ్ళినప్పుడు పిల్లలు నీళ్ళలో ఉన్నంతసేపూ పెద్దవాళ్ళలో ఒకరు ఒడ్డున ఊరికే కూర్చోండి. ఫోన్ చూడకుండా, వంట చూడకుండా, నీళ్ళనే చూస్తూ. నెత్తిన ఎండ కాస్తోందని కాదు, పైన కొండల మీద మబ్బుందా అని చూడండి. ఆ ఊరి వాళ్ళు ఈ రోజు దిగొద్దంటే దిగకండి, కారణం అడగనక్కర్లేదు. అవతలి ఒడ్డు ఎంత దగ్గరగా కనిపించినా, తిరిగి రావడానికి ఇంకో దారి లేకపోతే దాటకండి. మా వాళ్ళు నలుగురూ నాన్న మాట విన్నారు కాబట్టి ఇది రాస్తున్నాను. సిగ్గుపడి నేను ఆయన్ని ఆపి ఉంటే అన్న ఆలోచన ఇప్పటికీ రాత్రుళ్ళు వస్తోంది.

సెలవులయ్యాక మొదటి రోజే ఆ పిల్లాడి పుస్తకం తెప్పించుకున్నాను. 'కాదు' కొట్టేశాను. మార్కులు మార్చాను, ఎంతకి మార్చానో వాడికీ నాకూ మధ్య ఉండనివ్వండి. వాడు పుస్తకం చూసుకుని, "అయితే అది జలపాతమేనా మిస్?" అని మళ్ళీ అడిగాడు. నాకు ఇప్పటికీ సరైన జవాబు తెలియదని, తెలిసినాయన ఒకరున్నారని చెప్పాను. ఎవరని అడిగితే మా నాన్న అన్నాను. ఏం చేస్తారని అడిగాడు. లస్కరు అన్నాను. దాని స్పెల్లింగ్ చెప్పమన్నారు పిల్లలు. బోర్డు మీద రాశాను. అది ఇంగ్లీషు డిక్షనరీలో కూడా ఉన్న మాటేనని, అక్కడ దాని అర్థం ఓడ మీద పనిచేసే నావికుడని చూసి వాళ్ళకంటే నేనే ఎక్కువ ఆశ్చర్యపోయాను.

నాన్నని స్కూలుకి వచ్చి మాట్లాడమంటే రానన్నాడు. ఏసీ గదిలో బోర్డు ముందు నిలబడి ఏం చెప్పాలి అన్నాడు. పిల్లల్నే లాకుల దగ్గరికి తీసుకు రమ్మన్నాడు. ఎత్తిపోతల నీళ్ళు మన కాలువలోకి ఎలా వస్తాయో చెబుతాడట. పట్టిసీమ మోటార్లు నడిచే రోజుల్లో గోదావరి నీళ్ళు కృష్ణలోకి వస్తాయి కాబట్టి, మారేడుమిల్లి వాగు నీళ్ళు కూడా కొంత ఇక్కడికే చేరతాయని ఆయన లెక్క. ప్రిన్సిపల్ గారు ఒప్పుకున్నారు. ఈ నెల మూడో శనివారం ఉదయం 8 గంటలకు ఆరో తరగతి రెండు సెక్షన్లూ బస్సులో బయల్దేరి, మధ్యాహ్న భోజనానికి తిరిగి వస్తాయి. నీళ్ళలో ఎవరినీ దిగనివ్వం. గట్టు మీద పది మంది పిల్లలకి ఒక టీచర్ చొప్పున ఉంటాం. గట్టు బురదగా ఉంటుంది కాబట్టి తెల్ల యూనిఫాం వద్దు, పాత చెప్పులు చాలు. అనుమతి పత్రం డైరీలో అంటించాం, సంతకం చేసి బుధవారంలోగా పంపండి. మీ ఇళ్ళల్లో కాలువ పని, పడవ పని, చేపల చెరువుల పని తెలిసిన తాతయ్యలు ఎవరైనా ఉంటే ఆ రోజు వాళ్ళనీ పంపండి. బస్సులో వెనక సీట్లు ఖాళీగా ఉంచుతున్నాం.